డిస్కుకు తాళం సరే, తాళంచెవి ఎవరి దగ్గర?

మాకు బాగా తెలిసిన ఒక తెలుగు సంఘం కార్యదర్శి గారి లాప్‌టాప్ ఆ మధ్య రాత్రి రైల్లో పోయింది. పాత యంత్రం, అమ్మితే పదివేలు కూడా రాదు. పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చి, ఇంకొకటి కొనుక్కుందాంలే అనుకున్నారు. అసలు సంగతి రెండు రోజుల తర్వాత గానీ తట్టలేదు. అందులో సంఘం సభ్యులందరి వివరాలూ ఉన్నాయి. ఇంటిపేరు, చిరునామా, ఫోన్ నంబరు, పిల్లల చదువు. ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టిన పిల్లల కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు పాసు పుస్తకం మొదటి పేజీలు. పన్ను రాయితీ రసీదు కోసం దాతలు ఇచ్చిన పాన్, ఆధార్ నంబర్లు. పెళ్లి సంబంధాల కోసం తల్లిదండ్రులు నమ్మి ఇచ్చిన ఆడపిల్లల ఫొటోలు, జాతకాలు.

"పాస్‌వర్డ్ పెట్టాను కదండీ, ఎవరు తెరుస్తారు?" అన్నారు ఆయన. ఆ ధీమాకు ఆధారం లేదని ఆయనకు చెప్పడం మాకూ కష్టమే అయింది.

దీనికి సరిగ్గా ఎదురైన సంగతి ఇంకో ఇంట్లో చూశాం. ఆ ఇంటి పెద్దాయన ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. కంప్యూటర్ మీద మోజు. లినక్స్ వేసుకుని, డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసుకున్నారు. అంటే రహస్య లిపిలోకి మార్చేశారు. మూడు తరాల భూమి పత్రాల స్కాన్‌లు, తాతగారి ఉత్తరాలు, నాయనమ్మ పాడిన పెళ్లిపాటల రికార్డింగులు అన్నీ అందులోనే దాచారు. ఒకరోజు హఠాత్తుగా పోయారు. ఆయన పెట్టుకున్న రహస్య వాక్యం ఆయనతోనే పోయింది. పిల్లలు ఎక్కడికి తీసుకెళ్లినా ఒకటే మాట: ఆ వాక్యం తెలిస్తే తప్ప ఇది తెరుచుకోదు.

ఒక చోట తాళమే లేదు. ఇంకో చోట తాళం ఉంది, తాళంచెవి లేదు. నష్టం రెండు చోట్లా జరిగింది. డిస్కు ఎన్‌క్రిప్షన్ గురించి మన సంఘాల్లో, ఇళ్లలో మాట్లాడుకునేటప్పుడు ఈ రెంటినీ కలిపి చూడాలన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది.

ఇప్పుడెందుకు ఈ మాట

రెండు కారణాలున్నాయి. మొదటిది, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మద్దతు ఆపేసింది. ఇళ్లలో వాడేవారికి అదనపు భద్రతా సవరణల కోసం 2026 అక్టోబరు వరకు ఒక ఏడాది వెసులుబాటు ఇచ్చింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొంత కొత్త తరం ప్రాసెసర్ కావాలి. మన సంఘాల ఆఫీసుల్లో, చిన్న బడుల్లో ఉన్న యంత్రాల్లో చాలావాటికి ఆ అర్హత లేదు. బాగా పనిచేస్తున్న యంత్రాన్ని పారేయలేక చాలామంది లినక్స్ వైపు చూస్తున్నారు. లినక్స్ మన వాళ్లకు మరీ కొత్తదీ కాదు. తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా ఇచ్చిన లాప్‌టాప్‌లలో కొన్నేళ్ల పాటు విండోస్‌తో పాటు సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా వచ్చింది. మదురై, కోయంబత్తూరు వైపు మన పిల్లలు కొందరు కంప్యూటర్ నేర్చుకున్నది దాని మీదే.

రెండో కారణం చట్టం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నిబంధనలను కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చింది. అంటే 2027 మే నాటికి అందరూ సిద్ధంగా ఉండాలి. మన సంఘాలు, ట్రస్టులు, బడులు కూడా ఆ 'అందరి'లో ఉన్నాయి.

కొత్తగా లినక్స్ వేసే రోజే డిస్కుకు తాళం వేయడానికి అన్నిటికన్నా అనువైన రోజు. ఆ రోజు వదిలేస్తే మళ్లీ డిస్కు ఖాళీ చేసుకుని మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. అందుకే ఇప్పుడు ఈ మాట.

లాగిన్ పాస్‌వర్డ్ కాపలాదారే, తాళం కాదు

యంత్రం ఆన్ చేయగానే అడిగే పాస్‌వర్డ్ వీధి గుమ్మంలో కూర్చున్న కాపలాదారు లాంటిది. గుమ్మం నుంచి వచ్చేవాణ్ని ఆపుతాడు. పెరటి గోడ దూకేవాణ్ని ఆపలేడు. లాప్‌టాప్ అడుగున నాలుగైదు మరలు విప్పితే డిస్కు చేతికొస్తుంది. నాలుగైదు వందల రూపాయల కేబుల్‌తో దాన్ని ఇంకో కంప్యూటర్‌కు కలిపితే లోపలి ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లలాగే కనిపిస్తాయి. ఆ కంప్యూటర్ మన పాస్‌వర్డ్ అడగనే అడగదు. డిస్కు విప్పకుండా, పెన్‌డ్రైవ్ నుంచి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ నడిపి చూసినా అంతే.

చెరిపేసిన ఫైళ్ల సంగతీ ఇలాంటిదే. మనం డిలీట్ నొక్కినప్పుడు చాలాసార్లు పోయేది ఫైలు చిరునామా మాత్రమే. లోపలి సరుకు కొంతకాలం అక్కడే ఉంటుంది. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, ముంబై లామింగ్టన్ రోడ్డులోనో పాత యంత్రాలు అమ్మేటప్పుడు 'అన్నీ చెరిపేశాం' అనుకుని ఇచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

దీనికి రెండు రకాల విరుగుడు ఉంది. ఒకటి, కావలసిన ఫైళ్లకో ఫోల్డర్‌కో విడిగా తాళం వేసుకోవడం. రెండోది, డిస్కు మొత్తానికి, అంటే పరికరం స్థాయిలోనే తాళం వేయడం. మొదటి పద్ధతిలో మన మతిమరుపే శత్రువు. జాబితాను తాళం వేసిన ఫోల్డర్‌లో పెడతాం. దాన్ని తెరిచినప్పుడు ప్రోగ్రాం రాసుకున్న తాత్కాలిక ప్రతి ఇంకెక్కడో ఉండిపోతుంది. మెమరీ చాలనప్పుడు డిస్కు మీదకు దించిన ముక్కలు వేరే చోట పడి ఉంటాయి. రెండో పద్ధతిలో ఈ బెడద లేదు. ఫైళ్లు, వాటి పేర్లు, తాత్కాలిక ప్రతులు, చెరిపేసిన వాటి అవశేషాలు అన్నీ డిస్కు మీదకు వెళ్లేటప్పుడే రహస్య లిపిలోకి మారతాయి. ఏది దాచాలో ఏది అక్కర్లేదో మనం రోజూ తేల్చుకోనక్కర్లేదు. ఉబుంటు కూడా 2018 నాటి 18.04 వెర్షన్‌తో హోమ్ ఫోల్డర్‌కు మాత్రమే తాళం వేసే వీలును ఇన్‌స్టాలర్ నుంచి తీసేసి, మొత్తం డిస్కు ఎన్‌క్రిప్షన్‌ను ఉంచింది.

పెట్టెలో పెట్టె

లినక్స్‌లో ఈ పని చేసేవి రెండు భాగాలు. డీఎం-క్రిప్ట్ అనేది కెర్నెల్‌లోనే ఉంటుంది. 2004 నుంచి ఉంది. డిస్కుకూ ఫైళ్ల వ్యవస్థకూ మధ్య కూర్చుని, రాసేటప్పుడు మరుగుపరచి, చదివేటప్పుడు విప్పి ఇస్తుంది. లక్స్ అనేది తాళంచెవులను ఎలా దాచాలో చెప్పే పద్ధతి. ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా అన్నీ ఈ పద్ధతినే వాడతాయి. అందుకే ఒకదానిలో తాళం వేసిన డిస్కును రహస్య వాక్యం తెలిస్తే ఇంకోదానిలో తెరవచ్చు. ఏ ఒక్క కంపెనీనీ నమ్ముకోనక్కర్లేదు.

దీని అమరిక మన పాత ఇళ్లలో ఇనప్పెట్టె అమరికలాగే ఉంటుంది. డిస్కులోని సమాచారానికి వేసిన అసలు తాళంచెవి పొడవైన అంకెల వరుస. దాన్ని యంత్రమే యాదృచ్ఛికంగా తయారుచేస్తుంది. మనం ఎన్నడూ చూడం. ఆ అసలు తాళంచెవిని ఒక చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాకు మన రహస్య వాక్యంతో తాళం వేస్తుంది. ఇలాంటి చిన్న డబ్బాలను కీ స్లాట్లు అంటారు. పాత లక్స్1లో 8 ఉండేవి, ఇప్పటి లక్స్2లో 32 దాకా పెట్టుకోవచ్చు. ఇవన్నీ డిస్కు మొదట్లో హెడర్ అనే చిన్న భాగంలో ఉంటాయి. మామూలుగా దాని పరిమాణం 16 మెగాబైట్లు.

ఈ అమరిక వల్ల రెండు లాభాలు. రహస్య వాక్యం మార్చాలంటే డిస్కు మొత్తం మళ్లీ రాయనక్కర్లేదు, చిన్న డబ్బా తాళం మారిస్తే చాలు. రెండోది, ఒకే డిస్కుకు పలువురికి వేర్వేరు వాక్యాలు ఇవ్వవచ్చు. కార్యదర్శి గారి వాక్యం కోశాధికారికి తెలియనక్కర్లేదు.

దొంగ చేతిలో పడితే వాడు వరసగా వాక్యాలు ఊహించి చూస్తాడు కదా? దానికోసమే లక్స్2 ఆర్గాన్2 అనే పద్ధతి వాడుతుంది. ఒక్కొక్క ఊహను సరిచూడటానికి కావాలనే కొంత సమయం, చాలా మెమరీ ఖర్చయ్యేలా చేస్తుంది. మనకు రోజుకు ఒక్కసారి ఒకటి రెండు సెకన్లు ఆలస్యం. కోట్ల ఊహలు ప్రయత్నించాల్సినవాడికి అదే కొండంత అడ్డం. అయితే మనం పెట్టిన వాక్యం ఊరి పేరో, కూతురి పుట్టినరోజో అయితే ఏ పద్ధతీ కాపాడలేదు.

హుండీ తాళాలకూ వీటికీ తేడా

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. గుడి హుండీకి రెండు తాళాలు వేసి, ఒకటి ధర్మకర్త దగ్గర, ఒకటి అధికారి దగ్గర ఉంచితే ఇద్దరూ వస్తేనే హుండీ తెరుచుకుంటుంది. లక్స్‌లో అలా కాదు. అయిదుగురికి అయిదు వాక్యాలిస్తే, ఆ అయిదింటిలో ఏ ఒక్కటైనా డిస్కు తెరవడానికి చాలు. తలుపు ఒకటే, తాళంచెవులు అయిదు. అంటే ఎంతమందికి ఇస్తే అంతమందీ సమానంగా జాగ్రత్తగా ఉండాలి. అందులో ఒకరు తన వాక్యాన్ని చీటీ మీద రాసి లాప్‌టాప్ సంచిలోనే పెడితే, మిగిలిన నలుగురి జాగ్రత్తకు అర్థం లేదు.

అందుకని సంఘం యంత్రానికి మూడు చాలని మా అభిప్రాయం. ఒకటి రోజూ వాడే కార్యదర్శికి. ఒకటి అధ్యక్షుడికో కోశాధికారికో. మూడోది ఎవరి నోటికీ రానిది. కాగితం మీద స్పష్టంగా రాసి, కవరులో పెట్టి, అంటించి, సంతకాలు చేసి, సంఘం బ్యాంకు లాకర్‌లోనో, పత్రాలు ఉంచే బీరువాలోనో ఉంచాల్సింది. ఆ కవరు యంత్రం ఉన్న గదిలో ఉండకూడదు.

పదవీకాలం ముగిసి కొత్త కార్యవర్గం వచ్చినప్పుడు వెళ్లిపోయిన వారి స్లాట్ తీసేసి కొత్తవారిది చేర్చాలి. గది తాళం అప్పగించినట్టే ఇదీ అప్పగింతల్లో భాగం. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్లాట్ తీసేసినా అసలు తాళంచెవి మారదు. హెడర్ పాత ప్రతి ఎవరి దగ్గరైనా ఉండి, పాత వాక్యం కూడా తెలిస్తే, వారు ఆ డిస్కును ఇంకా తెరవగలరు. అందుకే కార్యవర్గం మారినప్పుడు హెడర్ పాత ప్రతులను నాశనం చేసి కొత్తది తీసుకోవాలి. పాత ప్రతి ఎవరి దగ్గరైనా మిగిలిందన్న అనుమానముంటే, డిస్కు మొత్తాన్ని కొత్త తాళంచెవితో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయించాలి.

చట్టం రెండు వైపులా చూస్తుంది

కొత్త చట్టం గురించి మన సమావేశాల్లో వినిపించే మాట ఒక్కటే: 250 కోట్ల జరిమానా. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే గరిష్ఠంగా అంత వేయవచ్చని చట్టంలో ఉన్న మాట నిజమే. తప్పు తీవ్రత, ఎంతకాలం సాగింది, నష్టం తగ్గించడానికి ఏం చేశారు లాంటివి చూసి మొత్తం నిర్ణయించాలని కూడా అందులోనే ఉంది. చిన్న సంఘాలు భయపడి రికార్డులే పెట్టడం మానుకోవాల్సిన పని లేదు.

భయం కన్నా నిబంధనల్లోని రెండు అంశాలు మనకు ముఖ్యం. ఒకటి, తీసుకోవలసిన భద్రతా చర్యల్లో ఎన్‌క్రిప్షన్ పేరు నేరుగా ఉంది. రెండోది, డేటా పాడైనా, అందకుండా పోయినా పని ఆగకుండా బ్యాకప్‌ల వంటి ఏర్పాట్లు ఉండాలని కూడా అక్కడే ఉంది. చట్టం 'వ్యక్తిగత డేటా ఉల్లంఘన' అనే మాటకు ఇచ్చిన నిర్వచనం ఇంకా ముందుకు వెళ్తుంది. పరాయివాళ్ల చేతిలో పడటంతో పాటు, డేటా నాశనం కావడం, మనకే అందకుండా పోవడం కూడా అందులోకి వస్తాయి. అంటే రైల్లో పోయిన లాప్‌టాప్ ఎలా ఉల్లంఘనో, తాళంచెవి పోగొట్టుకుని సభ్యుల రికార్డులన్నీ చేజార్చుకోవడం కూడా అలాగే ఉల్లంఘన కావచ్చు. ఉల్లంఘన జరిగితే సంబంధించిన వ్యక్తులకు ఆలస్యం లేకుండా చెప్పాలి. డేటా రక్షణ బోర్డుకు తెలిపి, 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి.

ఇళ్లకు ఈ బాధ్యతలు లేవు. సొంత, కుటుంబ అవసరాలకు దాచుకున్న సమాచారానికి చట్టం వర్తించదు. పెద్దాయన డిస్కు విషయంలో చట్టం ఏమీ అనదు. నాయనమ్మ పాటలు మాత్రం తిరిగి రావు.

తాళం వేస్తే పోలీసులు తప్పుపడతారేమో అని అడిగినవారూ ఉన్నారు. సొంత డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసుకోవడం నేరం కాదు. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద అధికారం ఉన్నవారు చట్టప్రకారం ఆదేశిస్తే విప్పి చూపించడానికి సహకరించాలి. సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. దర్యాప్తులో పాస్‌వర్డ్ ఇమ్మనడం తనపై తానే సాక్ష్యం చెప్పించినట్టు కాదని కర్ణాటక హైకోర్టు 2021లో ఒక కేసులో చెప్పింది. దొంగ నుంచి దాచుకోవడం, న్యాయస్థానం నుంచి దాచుకోవడం వేర్వేరు విషయాలు. మనం మాట్లాడుతున్నది మొదటిదాని గురించి.

మనకు ప్రత్యేకంగా ఎందుకు

సంఘం జాబితా అంటే ఫోన్ నంబర్ల పుస్తకం కాదు. మన చేతుల్లో ఉన్న రికార్డులు ఎలాంటివో ఒకసారి చూడండి. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత పదో తరగతి భాషా పేపరు మినహాయింపు కోసం తెలుగు పిల్లల పేర్లు, బడులు, మాతృభాష వివరాలు సేకరించాల్సి వచ్చింది. సోలాపూరు, భివండీ పద్మశాలి కుటుంబాల్లో, బరంపురం, రాయగడ ప్రాంతాల్లో, బళ్లారి, కోలారు వైపు ఎప్పుడు వలస వచ్చారు, ఏ కులం, ఏ ఊరు అన్న వివరాలు ధ్రువపత్రాల కోసం తరాల వెంట కూడబెట్టినవి. యానాంలో ఫ్రెంచి వాళ్ల కాలం నాటి పుట్టుక, పెళ్లి, ఆస్తి పత్రాలను పిల్లలు స్కాన్ చేసి దాస్తున్నారు. వీటిలో కొన్నిటికి మూల ప్రతులు ఇప్పటికే చెదలు పట్టాయి. స్కానే మూలం.

పొరుగువారితో తరాలుగా కలిసిమెలిసి ఉన్నాం. ఏదో ముంచుకొస్తుందని మేము చెప్పడం లేదు. కానీ ఒక వీధిలో ఏ ఇల్లు ఇంట్లో ఏ భాష మాట్లాడుతుందో, ఆ ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పే జాబితా దారిన పడి ఉండకూడదన్నది మామూలు ఇంగితం. అదే జాబితా పోతే రేపు అల్పసంఖ్యాక హక్కు కోసం కాగితం చూపించాల్సిన చోట మన దగ్గర ఏమీ ఉండదు. ఇంకొకరికి దొరక్కూడదు, మనకు దొరక్కుండా పోకూడదు. రెండూ ఒకేసారి కావాలి.

విండోస్ 11లోనూ డిస్కు ఎన్‌క్రిప్షన్ ఉంది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా వేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా యంత్రాల్లో దానంతటదే మొదలవుతుంది. రికవరీ కీ ఆ ఖాతాలోకి వెళ్తుంది. మరచిపోయేవారికి అది మేలే. కానీ ఆ ఖాతా ఎవరిది? సంఘం యంత్రానికి పాత కార్యదర్శి గారి మనవడి ఈమెయిల్ పెట్టి ఉంటే, తాళంచెవి ఆ మనవడి దగ్గర ఉన్నట్టు. విండోస్ వాడేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి. లినక్స్‌లో తాళంచెవి ఏ కంపెనీ దగ్గరకూ వెళ్లదు. దాని అర్థం పోగొట్టుకుంటే ఏ కంపెనీ కూడా ఇవ్వలేదని.

వంకాయకు ఎన్ని అక్షరాలు

రహస్య వాక్యం ఎలా ఉండాలి? ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదారు మాటలు. కొన్ని వేల మాటల జాబితా నుంచి పాచికలు వేసో, కళ్లు మూసుకుని వేలు పెట్టో ఎంచినవి. మనసుకు తోచినవి ఎంచుకుంటే అవి ఒక వరుసలోనే తోస్తాయి. 7776 మాటల జాబితా నుంచి పాచికలతో అయిదు మాటలు ఎంచితే వచ్చే కలయికల సంఖ్య 20 అంకెల సంఖ్య. వేమన పద్యమో, సినిమా పాట పల్లవో పెట్టకండి. మనకు గుర్తుండేది ఊహించేవాడికీ గుర్తుంటుంది.

మన ఇంటి మాటలతో వాక్యం పెట్టుకోవచ్చు. కానీ యంత్రం మొదలయ్యేటప్పుడు వాక్యం అడిగే తెరలో మామూలుగా ఇంగ్లీషు కీబోర్డే ఉంటుంది, తెలుగు అక్షరాలు పడవు. కాబట్టి తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. చిక్కు అక్కడే వస్తుంది. వంకాయలోని దీర్ఘానికి ఒకరు ఒక 'ఎ' రాస్తారు, ఇంకొకరు రెండు రాస్తారు. చెట్టుకు ఒకరు 'హెచ్' పెడతారు, ఇంకొకరు పెట్టరు. యంత్రానికి ఒక్క అక్షరం తేడా వచ్చినా తలుపు తీయదు. అందుకే కవరులో పెట్టే కాగితం మీద వాక్యాన్ని చెప్పినట్టు కాక, టైపు చేసే అక్షరాలను ఒక్కొక్కటిగా, చిన్నవీ పెద్దవీ తేడా తెలిసేలా రాయాలి. కాగితం మీద రాయడం తప్పని కొందరంటారు. ఇంట్లో భద్రంగా ఉన్న కాగితం రైల్లో దొంగకు దొరకదు. ఆ పెద్దాయన ఇంట్లో అలాంటి కాగితం ఒక్కటుంటే చాలు కదా.

తాళం కాపాడనివి

యంత్రం నడుస్తున్నంత సేపూ పెట్టె తెరిచి ఉన్నట్టే. తాళంచెవి మెమరీలో ఉంటుంది. మూత మూసి నిద్రపుచ్చినా మామూలుగా అక్కడే ఉంటుంది. ప్రయాణంలో పూర్తిగా ఆపు చేసి సంచిలో పెట్టాలి. మోసపు లింకు నొక్కితే, వైరస్ వస్తే, రిమోట్‌లో ఎవరికైనా యంత్రం అప్పగిస్తే ఈ తాళం పనికిరాదు. సభ్యుల జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టేశాక డిస్కుకు ఎన్ని తాళాలు వేసినా ఒకటే. బ్యాకప్ తీసిన డిస్కుకు తాళం లేకపోతే దొంగ దాన్నే పట్టుకెళ్తాడు. లక్స్ తాళం వేసిన పెన్‌డ్రైవ్‌ను విండోస్ నేరుగా తెరవలేదు, అదీ ముందే తెలిసి ఉండాలి.

తాళం వల్ల కొత్తగా వచ్చే ప్రమాదం ఒకటుంది. మామూలు డిస్కు కొంత పాడైతే మిగిలిన ఫైళ్లు కొన్నైనా దక్కుతాయి. తాళం వేసిన డిస్కులో ఆ మొదటి కొద్ది మెగాబైట్ల హెడర్ పాడైతే, సరైన వాక్యం తెలిసినా ఒక్క ఫైలూ దక్కదు. అందుకే హెడర్ ప్రతిని క్రిప్ట్‌సెటప్ అనే ప్రోగ్రాంతో తీసి వేరే చోట దాచాలి. అంతకన్నా ముందు ఫైళ్ల బ్యాకప్ ఉండాలి, దానికీ తాళం ఉండాలి. పాత యంత్రం అమ్మేటప్పుడు ఈ బలహీనతే మనకు పనికొస్తుంది. కీ స్లాట్లను చెరిపేసి, హెడర్ ప్రతులేవీ మిగలకుండా చూస్తే లోపల ఉన్నదంతా అర్థంలేని అక్షరాల రాశి అవుతుంది.

వచ్చే సమావేశంలో

ఖర్చు దాదాపు లేదు. గత పదేళ్లలో వచ్చిన చాలా ప్రాసెసర్లలో ఎన్‌క్రిప్షన్ లెక్కలు వేగంగా చేసే ఏర్పాటు ఉంది, నెమ్మదించినట్టు తెలియదు. మరీ పాత, చవక యంత్రాల్లో కొంత తెలుస్తుంది. ముందుగా ఫైళ్లన్నీ బయట రెండు చోట్ల దాచి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయమనే గడిలో టిక్కు పెట్టాలి. అక్కడ డిస్కు మొత్తం చెరిగిపోతుందని మరవొద్దు.

టిక్కు పెట్టడం కుర్రవాళ్ల పని. మిగిలింది పెద్దల పని. తాళంచెవులు ఎవరెవరికి, కవరు ఎక్కడ, కార్యవర్గం మారితే ఎవరు మారుస్తారు అన్నది మినిట్స్ పుస్తకంలో ఒక తీర్మానంగా రాసుకోవాలి. వాక్యాలు రాయకూడదు, ఎవరి బాధ్యత ఏమిటో మాత్రమే రాయాలి. ఏడాదికి ఒకసారి, లెక్కలు చూసే రోజున, కవరు తెరిచి అందులోని వాక్యంతో యంత్రం తెరుచుకుంటుందో లేదో అందరి ముందూ చూసి, కొత్త వాక్యం పెట్టి మళ్లీ అంటించాలి. పరీక్షించని తాళంచెవి ఉన్నా లేనట్టే.

లాప్‌టాప్ పోగొట్టుకున్న సంఘం ఇప్పుడు ఈ పద్ధతిలోకి వచ్చింది. సభ్యులందరికీ జరిగింది చెప్పి, బ్యాంకు ఖాతాల మీద కన్నేసి ఉంచమని కోరింది. అది చెప్పడానికి కార్యదర్శి గారు చాలా ఇబ్బంది పడ్డారు, కానీ చెప్పారు. ఆ పెద్దాయన డిస్కు మాత్రం వాళ్ల అబ్బాయి బీరువాలో అలాగే ఉంది. నాన్న వాడే మాటలు గుర్తొచ్చినప్పుడల్లా తీసి, ఒకటి రెండు వాక్యాలు టైపు చేసి చూస్తున్నాడట. ఇంకా తెరుచుకోలేదు.